8 జీబీయా, 16 జీబీయా? బడ్జెట్ గ్రాఫిక్స్ కార్డ్‌లో ఎక్కువ మెమరీకి డబ్బు పెట్టాలా

ఇప్పుడు మధ్యస్థ ధరలో గ్రాఫిక్స్ కార్డ్ కొందామని వెళ్తే ఒకే పేరుతో రెండు డబ్బాలు ముందు పెడతారు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కావాలంటే 8 జీబీదా 16 జీబీదా అంటారు, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అన్నా అదే ప్రశ్న. లోపలి చిప్ ఒకటే, కోర్ల సంఖ్య ఒకటే, తేడా అంతా మెమరీలోనే, దానికి మాత్రం కొన్ని వేలు ఎక్కువ. ఆ వేలు పెట్టాలా వద్దా అన్నదానికి "ఫ్యూచర్ ప్రూఫ్ బ్రో, 16 తీసుకో" అనేవాళ్లు సగం మంది, "1080పీకి 8 చాలు, డబ్బు వేస్ట్" అనేవాళ్లు సగం మంది. రెండూ పూర్తి జవాబులు కావు. నా లెక్క ఏంటంటే, చిప్‌కి ఆ మెమరీని వాడుకునే సత్తా ఉంటే ఎక్కువ మెమరీకి పెట్టే డబ్బు బడ్జెట్ బిల్డ్ మొత్తంలో బాగా పనికొచ్చే ఖర్చు, చిప్ బలహీనమైతే అదే డబ్బు పూర్తిగా దండగ. ఈ గీత ఎక్కడ పడుతుందో తెలిస్తే చాలు.

## మెమరీ వేగం పెంచదు, పడిపోకుండా ఆపుతుంది

గేమ్‌లో కనపడే గోడలు, నేల, ముఖాలు, బట్టల మీది బొమ్మలు (టెక్స్చర్లు) చిప్‌కి వెంటనే అందాలంటే కార్డ్ మీది మెమరీలోనే ఉండాలి. అవన్నీ పట్టినంతసేపు ఎంత ఎక్కువ మెమరీ ఉన్నా ఒక్క ఫ్రేమ్ కూడా అదనంగా రాదు. 6 జీబీ వాడే గేమ్‌ని 8 జీబీ కార్డ్ మీద ఆడినా 16 జీబీ కార్డ్ మీద ఆడినా ఒకే ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేమ్‌లు). 8 చాలు అనేవాళ్లు చూపించే గ్రాఫులు చాలావరకు ఇవే, అవి అబద్ధం కాదు.

అసలు సంగతి నిండిపోయాక మొదలవుతుంది. పట్టని డేటా మదర్‌బోర్డు మీది మామూలు ర్యామ్‌లోకి వెళ్తుంది, కావాల్సినప్పుడల్లా పీసీఐఈ స్లాట్ (మదర్‌బోర్డు మీద కార్డ్ దిగే చోటు) గుండా తిరిగి రావాలి. 5060 టీఐ సొంత మెమరీ సెకనుకి 448 జీబీ అందిస్తుంది, అదే కార్డ్ పీసీఐఈ 4.0 స్లాట్‌లో ఉంటే దాని 8 లేన్ల (డేటా నడిచే దారుల) మీద ఒక వైపుకి వచ్చేది సెకనుకి సుమారు 16 జీబీ. దాదాపు 28 రెట్లు తక్కువ. అందుకే నిండిన కార్డ్ కొంచెం నెమ్మదించి ఊరుకోదు. కెమెరా తిప్పినప్పుడల్లా, కొత్త ఏరియాలోకి వెళ్లినప్పుడల్లా పట్టేసినట్టు ఆగి ఆగి కదులుతుంది, సగటు ఎఫ్‌పీఎస్ 60 చూపిస్తున్నా ఆడటానికి చిరాకేస్తుంది. అందుకే రివ్యూలు చూసేటప్పుడు సగటు పక్కనుండే 1 శాతం కనిష్ఠ ఫ్రేమ్‌లు (బాగా నెమ్మదించిన క్షణాల ఎఫ్‌పీఎస్) చూడండి, మెమరీ చాలకపోతే ముందు పడేది ఆ అంకె.

ఇంకో రకం కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. కొన్ని గేమ్‌లు మెమరీ చాలకపోతే ఆగవు, గప్‌చుప్‌గా టెక్స్చర్ల నాణ్యత తగ్గించేస్తాయి. గ్రాఫులో రెండు కార్డులూ సమానంగానే ఉంటాయి, తెర మీద మాత్రం ఒకదాంట్లో గోడ మీది ఇటుకలు తెలుస్తుంటాయి, రెండోదాంట్లో అదే గోడ అలికేసినట్టు ఉంటుంది.

ఎక్కువ మెమరీ వైపు నాకు కనిపించే అసలైన వాదన ఇది: టెక్స్చర్ క్వాలిటీ పెంచితే చిప్ మీద భారం పెద్దగా పడదు, మెమరీ మాత్రమే కావాలి. నీడలు, ప్రతిబింబాలు, రే ట్రేసింగ్ (వెలుతురు నిజంలోలా పడేట్టు లెక్కగట్టే పద్ధతి) పెంచితే చిప్ అలసిపోతుంది, టెక్స్చర్లతో అలా కాదు. అంటే ఓ మోస్తరు చిప్ ఉన్నవాళ్లు కూడా మిగతావన్నీ మీడియంలో పెట్టుకుని టెక్స్చర్లు హైలో ఉంచుకుంటే ఫ్రేమ్‌లు తగ్గకుండానే గేమ్ ఎంతో బాగా కనిపిస్తుంది. బడ్జెట్ కార్డ్ వాళ్లకి ఇంత చవగ్గా దొరికే అందం ఇంకోటి లేదు, 8 జీబీలో ముందు వదులుకోవాల్సి వచ్చేదీ అదే.

8 జీబీ ఇప్పుడే ఎందుకు ఇరుకైంది అంటే, 2020 నవంబర్‌లో వచ్చిన పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలో సిస్టమ్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి 16 జీబీ ఉంటుంది. కొన్నాళ్లు పాత కన్సోల్స్‌కి కూడా చేసినంతసేపు గేమ్‌లు తక్కువలోనే సర్దుకున్నాయి, 2023 నుంచి కొత్త కన్సోల్స్ కోసమే చేసినవి రావడంతో 8 జీబీ కార్డులు ఇబ్బంది పడటం మొదలైంది. హాగ్‌వర్ట్స్ లెగసీ, ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు గొడవంతా దీని గురించే. 2024 డిసెంబర్లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌లో అయితే టెక్స్చర్ పూల్ అని విడిగా సెట్టింగే ఉంటుంది, 8 జీబీ వాళ్లు దాన్ని తగ్గించక తప్పదు. 2016లోనే ఆర్‌ఎక్స్ 480 అనే కార్డ్ 239 డాలర్లకి 8 జీబీతో వచ్చింది. అన్నేళ్ల తర్వాత అంతకంటే ఎక్కువ ధరకి అదే 8 జీబీ అమ్ముతుంటే కోపం రావడం న్యాయమే.

మరి మధ్యలో 12 జీబీ ఎందుకు లేదంటారా? ఈ కార్డుల మెమరీ బస్ (గ్రాఫిక్స్ చిప్‌కీ మెమరీకీ మధ్య దారి) 128 బిట్లు, ఒక్కో మెమరీ చిప్ 32 బిట్లు తీసుకుంటుంది, అంటే నాలుగు చిప్‌లు, ఒక్కోటి 2 జీబీ, మొత్తం 8. పెంచాలంటే బోర్డు వెనక వైపు ఇంకో నాలుగు పెట్టాలి, అప్పుడు నేరుగా 16 అవుతుంది. బస్ వెడల్పు మారదు కాబట్టి మెమరీ వేగం పెరగదు, చోటు మాత్రమే రెట్టింపు. 192 బిట్ల బస్ ఉన్న కార్డులకే 12 జీబీ తేలిగ్గా కుదురుతుంది.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

- ధర తేడా శాతంలో ఎంత? వేలల్లో కాదు, 8 జీబీ ధర మీద ఎంత శాతమో చూడండి.
- మీరు ఆడేది ఏంటి, చేసే పని ఏంటి? ఇక్కడే సగం నిర్ణయం అయిపోతుంది.
- మానిటర్ రిజల్యూషన్ 1080పీనా 1440పీనా, రే ట్రేసింగ్, ఫ్రేమ్ జెనరేషన్ (అసలు ఫ్రేమ్‌ల మధ్య అదనపు ఫ్రేమ్‌లు పుట్టించడం) వాడతారా? ఈ రెండు ఫీచర్లూ వాటికవే అదనంగా మెమరీ తింటాయి.
- మదర్‌బోర్డు, ప్రాసెసర్ పీసీఐఈ ఏ తరం?
- ఎన్నేళ్లు వాడతారు? రెండేళ్లకోసారి మార్చేవాళ్లకీ ఐదేళ్లు లాగేవాళ్లకీ ఒకే సలహా పనికిరాదు.

శాతం ఎందుకన్నానంటే, డాలర్ ధరకి 18 శాతం జీఎస్టీ, దిగుమతిదారు మార్జిన్, షాపు మార్జిన్ కలిసి ఇక్కడి ధర అవుతుంది, దాంతో అక్కడ 50 డాలర్లున్న తేడా ఇక్కడ ఎంతైనా కావచ్చు. పైగా 2025 చివర్నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి, ఆ దెబ్బ ముందు తగిలేది 16 జీబీ కార్డులకే. 20 శాతం లోపు తేడా ఉంటే, మీరు కొత్త గేమ్‌లు ఆడేవాళ్లయితే, ఆలోచించకుండా 16 తీసుకోమంటాను. 20 నుంచి 30 మధ్య మీ వాడకాన్ని బట్టి. 30 దాటిందంటే మాత్రం ఆగి పైమెట్టు కార్డ్ ధర చూడండి. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 5070కి ఉన్నది 12 జీబీయే, కానీ చిప్ చాలా బలమైనది, మెమరీ వేగం సెకనుకి 672 జీబీ. 5060 టీఐ 16 జీబీ ధర దాని దగ్గరికి పోతే అది చెడ్డ బేరం.

## కార్డులు పక్కపక్కన

| కార్డ్ | మెమరీ | బస్ | మెమరీ వేగం (సెకనుకి) | విడుదల, అప్పటి అమెరికా ధర |
|---|---|---|---|---|
| ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ | 8 / 16 జీబీ | 128 బిట్ | సుమారు 320 జీబీ | 2025 జూన్, 299 / 349 డాలర్లు |
| ఆర్‌టీఎక్స్ 5060 టీఐ | 8 / 16 జీబీ | 128 బిట్ | 448 జీబీ | 2025 ఏప్రిల్, 379 / 429 డాలర్లు |
| ఆర్‌టీఎక్స్ 4060 టీఐ | 8 / 16 జీబీ | 128 బిట్ | 288 జీబీ | 2023 మే / జులై, 399 / 499 డాలర్లు |
| ఆర్‌ఎక్స్ 7600 ఎక్స్‌టీ | 16 జీబీ | 128 బిట్ | 288 జీబీ | 2024 జనవరి, 329 డాలర్లు |
| ఆర్క్ బీ580 | 12 జీబీ | 192 బిట్ | 456 జీబీ | 2024 డిసెంబర్, 249 డాలర్లు |
| ఆర్‌టీఎక్స్ 3060 | 12 జీబీ | 192 బిట్ | 360 జీబీ | 2021 ఫిబ్రవరి, 329 డాలర్లు |

ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ. ఈ జాబితాలో 16 జీబీకి డబ్బు పెట్టడం బాగా అర్థవంతంగా ఉండేది దీంట్లోనే. విడుదల ధరల్లో తేడా 17 శాతం దాకా, చిప్‌కి 1440పీ మోసే బలం ఉంది, అంటే ఆ మెమరీ ఊరికే పడి ఉండదు. ఇంకో మంచి విషయం, దీనికి పూర్తి 16 పీసీఐఈ లేన్లు ఉన్నాయి, పాత బోర్డుల మీద నష్టం తక్కువ. 8 జీబీది ఆన్‌లైన్ షూటర్లు తప్ప ఇంకేం ఆడనివాళ్లకి పర్వాలేదు.

ఆర్‌టీఎక్స్ 5060 టీఐ. 16 జీబీది మంచి కార్డ్, ముఖ్యంగా ఏఐ, బ్లెండర్ పనులుంటే. 8 జీబీది మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఎందుకంటే ఈ కార్డ్ కొనేదే ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ ఫ్రేమ్ జెనరేషన్ కోసం, రే ట్రేసింగ్ కోసం, అవే మెమరీని మింగుతాయి, అంటే ఏ ఫీచర్లకి డబ్బు కట్టారో వాటినే ఆపుకుని ఆడాలి. పైగా దీనికి 8 లేన్లే, నిండినప్పుడు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. విడుదల ధరల ప్రకారం 8 జీబీ 5060 టీఐ 379 డాలర్లు, 16 జీబీ 9060 ఎక్స్‌టీ 349. మీ బడ్జెట్ సరిగ్గా అక్కడే ఆగిపోతే బ్రాండ్ మార్చండి, మెమరీ తగ్గించకండి.

ఆర్‌టీఎక్స్ 4060 టీఐ. వచ్చినప్పుడు 16 జీబీకి 100 డాలర్లు ఎక్కువ అడిగారు, ఆనాటి చాలా గేమ్‌లలో రెండూ ఒకే ఫలితం ఇవ్వడంతో విమర్శలు గట్టిగానే వచ్చాయి. ఆ 25 శాతం తేడాకి ఆ విమర్శ సబబే. కానీ కొన్న కార్డ్‌తో కొన్నేళ్లు గడపాల్సినవాళ్లకి మొదటి నెల గ్రాఫు ఒక్కటే కొలత కాదు. స్టాక్ మిగిలి, తక్కువకి దొరికితేనే ఇప్పుడు దీని జోలికి వెళ్లండి.

ఆర్‌ఎక్స్ 7600 ఎక్స్‌టీ. గీతకి కాస్త కింద పడే కార్డ్ ఇది. లోపలున్నది 8 జీబీ ఆర్‌ఎక్స్ 7600లోని చిప్పే, క్లాక్ కొంచెం పెంచారు. 1080పీలో హై టెక్స్చర్లు పెట్టుకోవచ్చు, అంతవరకు లాభమే. అయితే 16 జీబీ నిండే సెట్టింగులకి వెళ్లేసరికి చిప్పే చేతులెత్తేస్తుంది. 9060 ఎక్స్‌టీ దొరికే చోట దీన్ని కొనక్కర్లేదు.

ఆర్క్ బీ580. తక్కువలో 12 జీబీ కావాలంటే కొత్తవాటిలో ఇదే. ఇంటెల్ చెప్పే షరతు ఒకటుంది, మదర్‌బోర్డు బయోస్‌లో రీసైజబుల్ బార్ (కార్డ్ మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సెట్టింగ్) ఆన్ అయి ఉండాలి, లేకపోతే వేగం బాగా పడిపోతుంది. పాత ప్రాసెసర్లతో కూడా ఇది నీరసంగా నడుస్తుంది. కొత్త పీసీ కడుతుంటే సరే, పాత పీసీలో పెట్టడానికైతే వద్దు.

సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ. విద్యార్థులకి ఇప్పటికీ మంచి దారి. కాకపోతే ఇదే పేరుతో 2022లో 8 జీబీది కూడా వదిలారు, దాని బస్ 128 బిట్లే, వేగం సెకనుకి 240 జీబీ. ఇక్కడ తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కార్డే నెమ్మదైంది. "3060 ఉంది అన్నా, తక్కువకి ఇస్తా" అని ఎవరైనా అంటే ముందు ఎన్ని జీబీ అని అడగండి.

ఇక బాగా అడుగున, జీటీ 730 4 జీబీ లాంటివి. ఈ చిప్ 2014 నాటిది, మార్కెట్లో కనపడేవి చాలావరకు డీడీఆర్3 మెమరీతో ఉంటాయి. 2 జీబీ కంటే 4 జీబీ మంచిదని అమ్ముతారు, పిల్లాడు గేమ్‌లు ఆడుకుంటాడని తండ్రులు కొనేస్తారు, కానీ ఆ చిప్ ఆ 4 జీబీని నింపే గేమ్‌ని నడపనే లేదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అయినా ఊళ్లో కంప్యూటర్ షాపులో అయినా, "మెమరీ ఎక్కువ" అనే ఒక్క మాట మీద ఇలాంటి కార్డ్ కొనకండి. ఆ డబ్బుకి సరైన కొత్త కార్డ్ రాకపోతే కొన్నాళ్లు ఆగి సెకండ్ హ్యాండ్‌లో వెతకడం నయం.

## ఎవరికి ఏది

వాలరెంట్, సీఎస్2, జీటీఏ 5, క్రికెట్ గేమ్‌లు, ఇవే మీ ప్రపంచమైతే 8 జీబీ హాయిగా సరిపోతుంది. మిగిలిన డబ్బు 144 హెర్ట్జ్ మానిటర్ మీద పెట్టండి, తేడా మొదటి రోజే కళ్లకి కనపడుతుంది. ఒకవేళ మీ పీసీలో ఇంకా ఒకే స్టిక్ 8 జీబీ ర్యామ్ ఉంటే ముందు దాన్ని రెండు స్టిక్‌లతో 16 చేయండి, కార్డ్ సంగతి తర్వాత.

కథ ఉన్న పెద్ద గేమ్‌లు 1080పీలో ఆడేవాళ్లకే నిజమైన ఊగిసలాట. సేల్‌లో పాతవి కొనుక్కుని ఆడే అలవాటుంటే, టెక్స్చర్లు మీడియంలో పెట్టుకోవడానికి బాధ లేకపోతే 8తో నెట్టుకురావచ్చు. కొత్తది వచ్చిన వారమే ఆడాలి, కార్డ్ నాలుగైదేళ్లు మార్చలేను అనుకుంటే 16. మన ఇళ్లలో ఎక్కువ మందిది ఈ రెండో పరిస్థితే, ఒకసారి ఇంట్లో ఒప్పించి కొన్న కార్డ్ బీటెక్ మొదటి సంవత్సరం నుంచి ఉద్యోగం వచ్చేదాకా నడవాలి. 2016లో జీటీఎక్స్ 1060 కొన్నవాళ్లని అడగండి. 3 జీబీది, 6 జీబీది ఉండేవి, 3 జీబీదాంట్లో కోర్లు కూడా కొన్ని తక్కువ. 3 జీబీ వాళ్లు ముందే మార్చుకోవాల్సి వచ్చింది, 6 జీబీ వాళ్లు చాలాకాలం లాగారు, అమ్మినప్పుడు కూడా ధర పలికింది.

1440పీ మానిటర్ ఉంటే చర్చ అక్కర్లేదు, 12 జీబీకి తగ్గొద్దు.

పాత పీసీలో కొత్త కార్డ్ వేస్తున్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. ఏ320, బీ450, హెచ్310 బోర్డుల్లో ఉన్నది పీసీఐఈ 3.0. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ అయితే బీ550 బోర్డు మీద పెట్టినా 3.0యే ఇస్తుంది, ఇది చాలామందికి తెలీదు, మన దగ్గర ఆ ప్రాసెసర్‌తో కట్టిన పీసీలేమో కోకొల్లలు. 8 లేన్ల కార్డ్ దాంట్లో పెడితే దారి వెడల్పు సెకనుకి సుమారు 8 జీబీకి పడిపోతుంది, అంటే మెమరీ నిండినప్పుడు కొత్త బోర్డు వాళ్లకంటే మీకు ఎక్కువ దెబ్బ. పాత పీసీకి తక్కువ మెమరీ చాలు అనుకోవడం సహజం, నిజానికి పాత పీసీ వాళ్లకే ఎక్కువ మెమరీ అవసరం. 16 జీబీ 9060 ఎక్స్‌టీ వీళ్లకి బాగా కుదురుతుంది, దానికి ఏఎండీ చెప్పే పవర్ సప్లై కూడా 450 వాట్లే.

ఏఐ నేర్చుకునేవాళ్ల సంగతి వేరు, వీళ్లకి మెమరీ అంటే వేగం కాదు, నడుస్తుందా లేదా అన్నదే. 800 కోట్ల పారామీటర్ల భాషా మోడల్‌ని 4 బిట్లకి కుదిస్తే 5 జీబీ దాకా అవుతుంది, 8 జీబీ కార్డ్‌లో పడుతుంది. 1400 కోట్లదైతే 9 జీబీ దగ్గరికి వెళ్తుంది, ఇక 8లో పట్టదు, 12లో పడుతుంది. కొంచెం పెద్దవి, పొడవైన సంభాషణలు, ఇమేజ్ మోడల్స్ అన్నీ చూసుకుంటే 16 సుఖం. ఎన్విడియాకే వెళ్లండి, దాని సీయూడీఏ (CUDA) అనే సాఫ్ట్‌వేర్ వల్ల చాలా టూల్స్ మొదటిసారే నడుస్తాయి, ఏఎండీలో నడిపించడానికి ఓపిక కావాలి. ప్రాజెక్ట్ కోసం నెల రోజుల పనే అయితే మాత్రం కార్డే కొనక్కర్లేదు, గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా ఇచ్చే టీ4కి 16 జీబీ మెమరీ ఉంది, ఎప్పుడూ దొరుకుతుందన్న గ్యారంటీ ఉండదంతే.

వీడియో ఎడిటింగ్‌లో 1080పీ యూట్యూబ్ వీడియోలకి 8 జీబీ చాలు. డావిన్చి రిజాల్వ్‌లో 4కే టైమ్‌లైన్ పెట్టి, నాయిస్ రిడక్షన్ వేసి, నాలుగు లేయర్లు ఎక్కిస్తే జీపీయూ మెమరీ నిండిందని ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. పెళ్లి వీడియోలు డెలివరీ ఇచ్చేవాళ్లకి గడువు ముందు రోజు రాత్రి ఆ ఎర్రర్ ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు, వీళ్లు 16కి వెళ్లాలి. బ్లెండర్‌లో కూడా సీన్ మెమరీలో పట్టకపోతే రెండర్ బాగా నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది.

ల్యాప్‌టాప్ అయితే తర్వాత మార్చే వీలే లేదు, అందుకని స్పెక్స్‌లో షేర్డ్ మెమరీని కలిపి రాసిన అంకె కాకుండా డెడికేటెడ్ ఎంతో చూసుకోండి.

## మీ అవసరం మీరే కొలవొచ్చు

ఇప్పటికే ఏదో ఒక కార్డ్ ఉంటే ఊహాగానాలు అక్కర్లేదు. మీరు ఎక్కువగా ఆడే గేమ్ తెరిచి అరగంట ఆడండి, తర్వాత విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో జీపీయూ నొక్కండి. డెడికేటెడ్ జీపీయూ మెమరీ, షేర్డ్ జీపీయూ మెమరీ అని రెండు కనపడతాయి. షేర్డ్ కొంచెం ఎప్పుడూ వాడకంలో ఉంటుంది, దానికి కంగారుపడొద్దు. డెడికేటెడ్ పైకంటా నిండి, షేర్డ్ ఆడుతున్నకొద్దీ పెరుగుతూ పోతుంటే మీకు మెమరీ చాలట్లేదు. ఒక్క జాగ్రత్త, 16 జీబీ కార్డ్ ఉన్న వేరేవాళ్ల స్క్రీన్‌షాట్ చూసి "ఈ గేమ్ 11 జీబీ తింటోంది" అని లెక్కేయకండి. చోటు ఉంటే గేమ్‌లు అవసరానికి మించి రిజర్వ్ చేసుకుంటాయి, అదే గేమ్ 8 జీబీలో బాగానే నడవొచ్చు. టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గించి చూడండి, ఆగి ఆగి కదలడం పోయిందంటే సమస్య మెమరీయే. పోకపోతే అది ప్రాసెసర్ వైపో, ర్యామ్ వైపో ఉంది, కొత్త కార్డ్ దాన్ని బాగుచేయదు.

కొనేటప్పుడు పేర్లు ఒకటే కాబట్టి పొరపాటు తేలిక. ఆన్‌లైన్ పేజీలో ఒకే లిస్టింగ్ కింద 8, 16 రెండూ ఉంటాయి, కార్ట్‌లోకి వెళ్లాక ఇంకోసారి చూసుకోండి. షాపులో అయితే బిల్లు మీద మోడల్ నంబర్‌తో పాటు ఎన్ని జీబీయో రాయించుకోండి. ఇంటికొచ్చాక జీపీయూ-జెడ్ అనే ఉచిత టూల్ వేసి మెమరీ సైజు, బస్ వెడల్పు బిల్లుతో పోల్చండి, రిటర్న్ గడువు అయ్యేలోపే. డబ్బా, బిల్లు మాత్రం వారంటీ అయ్యేదాకా పారేయొద్దు, రేపు అమ్మాలన్నా అవే అడుగుతారు.